పది గాట్ల రాయి

ఎర్మీనియోకి ఒక అలవాటు ఉంది. ఏ వస్తువు కంటపడినా ముందు దాని బరువు అంచనా కడతాడు, ఆ తరువాతే దాని పేరు అడుగుతాడు. రేవులో నలభై ఏళ్లుగా చేపలు కొనేవాడికి అది తప్పు కాదు. కానీ ఆ సోమవారం ఉదయం, రాకేలె ఇంటి నేలమాళిగలో, నగరంలోని పురావస్తు శాఖ నుంచి వచ్చిన డాక్టరమ్మ లవీనియా తెల్ల చేతితొడుగులు వేసుకుని తొట్టి మీది నల్లరాయిని ఎత్తినప్పుడు, అతను అంచనా కట్టనక్కరలేకపోయింది. పదకొండు కిలోలు. అది అతనికి తన పుట్టుమచ్చ తెలిసినట్టు తెలుసు.

"జాగ్రత్త మేడమ్," అన్నాడు మేయరు సబీనో, తను మోస్తున్నట్టు చేతులు చాచి.

రాయి గుండ్రంగా, రొట్టె అంత ఉంది. నడిమధ్య వేలు దూరేంత బెజ్జం. అంచు చుట్టూ ఒకవైపు పది గాట్లు. లవీనియా దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి చూసింది. "ఇది ఈ తీరపు రాయి కాదు. నిప్పుకొండ రాయి. ఓడలోనే వచ్చి ఉండాలి. ఈ బెజ్జం తాడుకి కావచ్చు. చాలా పాతది కావచ్చు. రోమన్ల కాలపు లంగరు కావచ్చు."

"రోమన్ల లంగరు," అన్నాడు మేయరు, 'కావచ్చు' అన్న మాట అక్కడే వదిలేసి.

రాకేలె తొట్టి పక్కన నిలబడి ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. చేతులు ఉప్పుతో పగిలి, గోళ్ల చుట్టూ తెల్లగా ఉన్నాయి. చెస్ట్‌నట్ చెక్కతో చేసిన ఆ తొట్టిలో శనివారం నాడే నెత్తళ్లు పేర్చింది. తల గిల్లి, పేగు లాగి, ఒక వరస తలవైపు, ఒక వరస తోకవైపు, వరసకీ వరసకీ మధ్య గుప్పెడు ఉప్పు. ఆ పైన చెక్క మూత. మూత మీద ఈ రాయి. మే నెలలో పట్టిన చేప అది, ఏడాదికి ఒకేసారి వస్తుంది. శీతాకాలమంతా ఆమె పొయ్యి వెలిగేది ఆ తొట్టి అమ్మిన దాంతోనే.

లవీనియా ఒక కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చింది. పరిశీలన కోసం తీసుకున్నట్టు రసీదు. రాకేలె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"మరి నా చేపల మీద ఏం పెట్టమంటారు? ఈ కాగితమా?"

మేయరు నవ్వాడు. "అత్తా, ఇది రోమన్లదని తేలితే మన రేవు పురాతన రేవు అవుతుంది. ప్రభుత్వం కాపాడాల్సిన రేవు అవుతుంది. అప్పుడు అలల కట్ట వాళ్లే బాగుచేస్తారు. ఒక్క రాయి ఇచ్చి వెయ్యి రాళ్లు తెచ్చుకోవడం ఇది."

"ఆ వెయ్యిలో నా తొట్టి మీదికి ఒక్కటి వస్తుందా?"

ఎర్మీనియో కిటికీలోంచి సముద్రం చూశాడు. ఆ బెజ్జం తాడుకి కాదనీ, కాటా కొక్కేనికనీ అతనికి తెలుసు. ఆ గాట్లు తన తాత ఉలితో కొట్టినవి. తాత దగ్గర అలాంటి రాళ్లు రెండు ఉండేవి, రెండూ ఒక మునిగిన ఓడ నిలకడ కోసం అడుగున వేసిన రాళ్లలోంచి తీసినవి, రెండింటి మీదా పది కిలోలని చెప్పే పది గాట్లే. కొనేటప్పుడు ఒకటి కాటాకి తగిలించేవాడు, అది పదకొండు కిలోలు. అమ్మేటప్పుడు రెండోది, అది తొమ్మిది. తొమ్మిదేళ్ల వయసులో ఎర్మీనియోకి తాత నేర్పిన మొదటి లెక్క అదే. తాతతోనే ఆ లెక్క పోయింది, ఆ తరువాత ఆ కొట్లో తప్పుడు తూకం జరగలేదు. అయినా తాత పేరు మీదే కొట్టు నడుస్తోంది. బోర్డు మీద ఇప్పటికీ ఆయన పేరే.

వెనక్కి నడుస్తూ అతను లెక్క వేసుకున్నాడు. ఒక పక్క ఒక ముసలమ్మ తొట్టి. ఒక పక్క మొత్తం రేవు. కిందటి శీతాకాలం అల కట్ట మీంచి దూకి, కతెల్లో అనే కుర్ర జాలరి పడవ పక్కటెముకలు విరగ్గొట్టింది. ఇంకో పడవ అసలు దొరకనే లేదు. తను నోరు తెరిస్తే ఆ కట్ట పోతుంది, తాత పరువూ పోతుంది. నోరు మూసుకుంటే పోయేది ఒక రాయి. ఏ వ్యాపారినడిగినా ఇదేం పెద్ద లెక్కా అంటాడు. లెక్క సరిగ్గానే వచ్చింది. సరిగ్గా వచ్చిన లెక్కని ఎర్మీనియో మామూలుగా రెండోసారి చూడడు. ఆ రోజు మాత్రం కొట్టు చేరేలోపు మూడుసార్లు చూశాడు.

బుధవారం తెల్లవారి పడవలు వచ్చినప్పుడు రేవంతా ఆ రాయి మాటే.

"బాబాయ్," అన్నాడు కతెల్లో, చేపల పెట్టె ఎర్మీనియో కాళ్ల దగ్గర దించుతూ. ముప్ఫై ఏళ్లవాడు, తడిసిన చేతులు, విరిగిన పడవకి అతికిన కొత్త చెక్కలాగే ఇంకా రంగు వేయని మాట. "మా నాన్న ఆ కట్ట కోసం అర్జీలు రాసి రాసి పోయాడు. మనకెవరికీ మాట వినని ప్రభుత్వం చచ్చిన రోమన్ల మాట వింటోంది చూడు."

"ఇంకా తేలలేదు గదా."

"మేయరు తేల్చేశాడు. ఆదివారం పండగనాడు సుంకం ఇంట్లో ఎర్రగుడ్డ మీద పెట్టి చూపిస్తాడట. సోమవారం కాగితాలు నగరానికి పోతాయట. నువ్వు రేవు కమిటీలో ఉన్నావు, నీకు తెలీదా?"

"తెలుసు," అన్నాడు ఎర్మీనియో. నెత్తళ్లు కాటాలో పోశాడు. వెండిరేకుల్లా జారాయి. ముల్లు కుదురుకునేదాకా అతను చెయ్యి తీసి దూరంగా నిలబడ్డాడు. నలభై ఏళ్లుగా అలాగే నిలబడతాడు. ఎందుకో ఎవరూ అడగలేదు.

అప్పుడే రాకేలె వచ్చింది. చేతిలో చిన్న గిన్నె. అందులో వేలెడు నెత్తడు ఒకటి, అంచున పసుపెక్కి ఉంది.

"వాసన చూడు," అంది.

చూశాడు. ఇంకా చెడలేదు. చెడబోతోంది.

"ఒడ్డున ఏరి తెచ్చిన రాయి పెట్టాను. మన తీరపు రాయి సంగతి తెలిసిందే, ఉప్పులో పొర లేస్తుంది, ఇసుక రాలుతుంది. తీసేసి సిమెంటు దిమ్మ పెట్టాను. అది ఒక పక్కకి ఒరిగి, రెండో పక్క మూత లేచింది. చేపల ఊట ఇంకా మూత మీదికి రాలేదు. గాలి తగిలింది." ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. వైద్యుడికి రోగం చెప్పినట్టు చెప్పింది. "ఆదివారానికి ఊట పైకి రాకపోతే తొట్టి మొత్తం పిల్లులకే."

"వీధిలో ఎవరినైనా అడగకపోయావా?"

"మే నెలలో అడగమంటావా? ప్రతి ఇంటి రాయీ ఆ ఇంటి తొట్టి మీదే ఉంది. మే నెలలో రాయి అడిగితే నిద్రపోతున్నవాడి తలగడ అడిగినట్టు."

కతెల్లో జాలిగా చూశాడు. "అత్తా, ఒక్క ఏడాది ఓర్చుకో. కట్ట వస్తుంది గదా."

"నాకు పడవ లేదు నాయనా. కట్ట నీకు. ఓర్పు నాకు. పంపకం బాగానే ఉంది."

కతెల్లో తల గోక్కుని పడవ వైపు పోయాడు. రాకేలె గిన్నెని ఎర్మీనియో బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మధ్యాహ్నం దాకా ఆ పసుపెక్కిన చేప అతని ఎదురుగానే ఉంది. పారేస్తే పోయేదే. పారేయలేదు.

తలుపు గాలికి కొట్టుకోకుండా అతని కొట్లో ఒక నల్లరాయి ఎప్పుడూ అడ్డం పెట్టి ఉంటుంది. నడిమధ్య బెజ్జం, అంచున పది గాట్లు. వచ్చేపోయేవాళ్లు దాన్ని దాటుకుంటూ నడుస్తారు. లవీనియా కూడా సోమవారం నాడు దాటింది, కాలు తగలకుండా లంగా ఎత్తి పట్టుకుని. గురువారం పొద్దున ఎర్మీనియో దాన్ని కడిగి, గోనెసంచిలో వేసుకుని, మెట్ల సందు ఎక్కాడు. ఇది మంచి బేరం అనుకున్నాడు. అదే జాతి రాయి, అదే నునుపు, ఉప్పుకి చెక్కుచెదరదు. రెండు కిలోలు తక్కువ, అంతే. ముసలమ్మ తొట్టి నిలుస్తుంది, రేవుకి కట్ట వస్తుంది, తాత నిద్ర చెడదు. ముగ్గురికీ లాభం. ఇలాంటి బేరం ఏడాదికొకటి తగిలితే మనిషి ధన్యుడు.

రాకేలె నేలమాళిగలో చెమ్మ, ఉప్పు, పాత చెక్క కలిసిన వాసన. సిమెంటు దిమ్మ కింద మూత వంకరగా ఉంది.

"నీకోసం ఒకటి తెచ్చాను," అన్నాడు.

ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. చూడలేదు, చెయ్యే పెట్టింది. రాయిని రెండు అరచేతుల్లోకి తీసుకుని, ఛాతీ ఎత్తుకి లేపి, ఒక్క క్షణం ఆపింది. మళ్లీ కిందికి దించింది.

"తొమ్మిది," అంది.

ఎర్మీనియో ఖాళీ సంచి మడవబోయి ఆగాడు.

"ఇది అమ్మేది. నాది కొనేది."

సందులోంచి ఎవరో బుట్ట ఈడ్చుకుంటూ పోతున్న చప్పుడు. అది దూరమయ్యాక ఎర్మీనియో అడిగాడు. "నీకెలా తెలుసు?"

"నాకెలా తెలుసా? రేవులో మా తరంవాళ్లలో ఎవరికి తెలీదు? మా నాన్న పది కిలోలు పట్టి మీ తాతకి ఇస్తే తొమ్మిదే అయ్యేవి. అదే చేప మా అమ్మ మీ కొట్లో కొంటే పది కిలోలకి తొమ్మిదే ఇంటికొచ్చేవి. లెక్క రాని వాళ్లకి కూడా ఆకలి లెక్క నేర్పుతుంది." ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "మీ తాత పోయాక, నెల పూజ అయిన మర్నాడు మీ మామ్మ దాన్ని ఒడిగుడ్డలో చుట్టుకుని మోసుకొచ్చింది. మా గడప మీద పెట్టింది. ఏమీ అనలేదు. మా అమ్మ కూడా ఏమీ అడగలేదు. ఇరవై ఏళ్లు మనల్ని మోసం చేసింది, ఇక మన పని మోయనీ అంది, అంతే."

"మరి ఇన్నేళ్లూ..."

"ఇన్నేళ్లూ ఏముంది? నువ్వు కాటా దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతావు. ఎందుకో మాకు తెలుసు. మేమెందుకు చెప్పాలి?"

ఎర్మీనియో గోడకి ఆనుకున్నాడు. నలభై ఏళ్లుగా తాళం వేసి కాపలా కాస్తున్న గది లోపల ఏమీ లేదని తేలిన కాపలావాడిలా ఉంది అతనికి. ఇంతకాలం ఎవరికోసం కాశాడు, ఇంత నిద్ర ఎందుకు చెడగొట్టుకున్నాడు.

"మరి ఆ డాక్టరమ్మ ముందు నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఉన్నావు గదా అక్కడ," అంది రాకేలె. "మీ తాత పేరు నేను తీయడమా? నువ్వు తీస్తావనుకున్నాను. నువ్వు కిటికీలోంచి సముద్రం చూశావు."

ఆమె లేచి రాయిని మళ్లీ సంచిలో పెట్టింది.

"ఇది పెట్టుకో. నీ తొట్టి నిలబడుతుంది," అన్నాడు.

"నిలబడుతుంది. కానీ దీన్ని నా చేపల మీద పెట్టను. అది మా అమ్మని తొమ్మిది కిలోలతో ఇంటికి పంపిన రాయి. తీసుకుపో." సంచి మూతి అతని చేతికి అందించింది. "నాకేది కావాలో నీకు తెలుసు. ఆదివారం లోపు."

శనివారం ఉదయం సుంకం ఇంట్లో మేయరు ఎర్రగుడ్డ సర్దుతున్నాడు. గుడ్డ మీద రాయి. లవీనియా బల్ల దగ్గర కూర్చుని కాగితాలు రాస్తోంది. గుమ్మంలో కతెల్లో, ఇంకో ఇద్దరు జాలర్లు, ఆదివారం రద్దీకి ముందే చూసిపోదామని వచ్చినవాళ్లు. ఎర్మీనియో ఒక భుజాన కాటా, ఒక చేతిలో సంచితో వచ్చాడు.

"చేపలు ఇక్కడికి రావు బాబాయ్," అన్నాడు కతెల్లో. జాలర్లు నవ్వారు.

ఎర్మీనియో కాటా కొక్కేన్ని తలుపు పైదూలానికి తగిలించాడు. సంచిలోంచి రాయి తీసి ఎర్రగుడ్డ మీద, మొదటి రాయి పక్కన పెట్టాడు. రెండూ కవలల్లా ఉన్నాయి. అదే నలుపు, అదే బెజ్జం, అవే పది గాట్లు.

లవీనియా కలం పెట్టేసి లేచింది. "ఇది ఎక్కడ దొరికింది?"

"మా కొట్టు గుమ్మంలో. సోమవారం మీరు దాటారు." అతను మొదటి రాయిని కొక్కేనికి తగిలించాడు. ముల్లు పదకొండు దగ్గర నిలబడింది. రెండోది తగిలించాడు. తొమ్మిది. "పది గాట్లంటే పది కిలోలని గుర్తు. మా తాత దీంతో కొనేవాడు, దీంతో అమ్మేవాడు. లంగరు కాదు. దొంగ పడికట్టు రాళ్లు."

మేయరే ముందు తేరుకున్నాడు.

"నువ్వు వ్యాపారివేనా? ఊరి మొత్తానికి నష్టం, నీ ఇంటి పేరుకి నష్టం. ఇంత చెత్త బేరం ఈ రేవులో ఎవడూ చేసి ఉండడు."

"లాభం బేరమే అనుకున్నాను," అన్నాడు ఎర్మీనియో. "సోమవారం నుంచి గురువారం దాకా. తూకం మాత్రం సరిపోలేదు."

లవీనియా చేతితొడుగులు విప్పేసింది. ఒట్టి చేతులతో రెండు రాళ్లనీ ఎత్తి చూసింది. గాట్ల అంచుల మీద బొటనవేలు నడిపింది, ఉలి దెబ్బ వెతుకుతున్నట్టు. అప్పుడు బల్ల దగ్గరికి వెళ్లి తను రాసిన కాగితం మడిచి తన చేతిసంచిలో పెట్టుకుంది.

"నేను 'కావచ్చు' అని రాశాను," అంది మెల్లగా, మేయరు వైపు చూసి. "నాలుగుచోట్ల రాశాను. ఎవరూ చదవలేదు." తరువాత ఎర్మీనియోతో, "పెద్దావిడ రాయి పట్టుకెళ్లండి. ఈ తేలిక రాయి మాత్రం ఇక్కడ ఉంచుతారా? ఈ రేవు ఎలా బతికిందో చెప్పే వస్తువు. కింద చీటీ రాసి పెడతాను. పేరు వద్దంటే రాయను."

ఎర్మీనియో రాయి వైపు చూశాడు. తాత చేతివేళ్లు గుర్తొచ్చాయి, ఉప్పుతో పగిలినవే.

"రాయండి," అన్నాడు. "పేరు లేని సరుకు ఎవడు నమ్ముతాడు?"

గుమ్మం దగ్గర జాలర్లు దారి ఇచ్చారు. కతెల్లో అతని మొహం చూడలేదు. పదకొండు కిలోల రాయిని పొట్టకి ఆనించుకుని ఎర్మీనియో రేవు పొడుగునా నడిచాడు. సగం పైకెళ్లాక మెట్ల మీద ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. మామ్మ దీన్ని ఒడిగుడ్డలో మోస్తూ ఎన్నిచోట్ల ఆగి ఉంటుందో అనుకున్నాడు.

రాకేలె పైవరసలు రెండు తీసి పారేసింది. ఉప్పు మార్చింది, మూత కడిగింది. రాయి పెట్టగానే మూత వంకర లేకుండా కూర్చుంది. ఇన్నేళ్లుగా ఆ రాయి కూర్చుని మూత మధ్యలో దానికి సరిపడా గుంట పడి ఉంది. వేరే ఏ రాయికీ ఆ గుంట సరిపోదు.

"వస్తుందా ఊట?" అడిగాడు.

"చేపనడుగు," అంది. రసీదు కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది ఆ అమ్మాయికి ఇచ్చెయ్. మంచి పిల్ల. చేతులు మెత్తన."

ఆదివారం చర్చిలో పండగ పూజకి ఎర్మీనియో కూర్చున్న బల్ల మీద అతనికి అటూ ఇటూ రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయి. దేవుడి పడవ ఊరేగింపులో అతని భుజం ఎప్పుడూ పట్టే మోతకర్ర కింద ఇంకొకరు వచ్చి నిలబడ్డారు. కాఫీ కొట్టువాడు కప్పు పెట్టి, మాట లేకుండా లోపలికి పోయాడు. ఇదంతా ఎర్మీనియో ముందే లెక్కలో వేసుకున్నాడు. వేసుకున్న లెక్కే అయినా, ఖాళీ బల్ల మీద కూర్చున్నప్పుడు వేరే బరువు తూగింది.

సోమవారం పడవలు వచ్చాయి. కతెల్లో పెట్టె దించి, పడవలోంచి ఇంకో కాటా తీశాడు. కొత్తది, మెరుస్తోంది.

"నీ మీద నమ్మకం లేక కాదు బాబాయ్," అన్నాడు, నేల చూస్తూ. "ఇకనుంచి మా కాటా మీద కూడా చూస్తాం."

"చూడండి."

నెత్తళ్లు ముందు ఎర్మీనియో కాటాలో పోశారు. తరువాత కతెల్లో కాటాలో. ముళ్లు రెండూ ఒకే గీత మీద ఆగాయి. కతెల్లో కాటాని తట్టి మళ్లీ చూశాడు. అతని మొహంలో కాస్త నిరాశ కనబడింది. రెండో పెట్టెకి మళ్లీ అంతే. మూడో పెట్టె దగ్గరికి వచ్చేసరికి కొత్త కాటా పక్కన పెట్టేశాడు.

"ఒక్క గ్రాము కూడా లేదా," అన్నాడు విసుగ్గా.

"ఉంటే నలభై ఏళ్లు నిద్రపోయేవాణ్ణి."

కతెల్లో నవ్వాపుకున్నాడు. అప్పటికి మొదటిసారి అతని మొహంలోకి చూశాడు. "కట్ట మాత్రం పోగొట్టావు. మా నాన్న రాసిన అర్జీలన్నీ ఇంట్లో ఉన్నాయి. రోమన్లు లేకుండా మళ్లీ మొదటినుంచి అడగాలి. వచ్చే నెల అందరం నగరానికి పోతున్నాం. నువ్వు ముందు నడవాలి. మా తరఫున నువ్వే మాట్లాడాలి."

"నేనా? ఎవరు వింటారు నా మాట?"

"సొంత తాతని కాటాకి తగిలించినవాడి మాట ఎవడైనా వింటాడు," అన్నాడు కతెల్లో, ఖాళీ పెట్టె భుజాన వేసుకుంటూ.

పనైపోయాక ఎర్మీనియో మెట్ల సందు ఎక్కాడు. నేలమాళిగ తలుపు తెరిచే ఉంది. రాకేలె తొట్టి మీదికి వంగి ఉంది. మూత అంచు చుట్టూ గోధుమరంగు ఊట వేలెడు మందాన నిలబడి మెరుస్తోంది. దాని వాసన శుభ్రంగా ఉంది, సముద్రం వాసన, ఉప్పు వాసన.

"రాత్రి వచ్చింది," అంది. తరువాత గూట్లోంచి ఒక ఉలి, సుత్తి తీసి స్టూలు మీద పెట్టింది. రాయిని ఎత్తి, గుడ్డతో తుడిచి, వాటి పక్కన పెట్టింది. "ఇంకో గాటు కొట్టు."

"ఇప్పుడా?"

"ఒక్క గంట తియ్యొచ్చు, ఊట పైకొచ్చింది గదా. నేను పోయాక ఇంకో డాక్టరమ్మ వస్తుంది. పది గాట్లు లెక్కపెడుతుంది. అద్దాల పెట్టెలో పెడుతుంది. మళ్లీ ఎవరి తొట్టో చెడుతుంది. ఉన్నది ఉన్నట్టు ఉంటే ఎవరూ ఎత్తుకుపోరు."

ఎర్మీనియో స్టూలు మీద కూర్చున్నాడు. పదో గాటు పక్కన ఉలి మొన ఆనించి కొట్టాడు. రాయి గట్టిది. మొదటి దెబ్బకి నిప్పురవ్వ తప్ప ఏమీ రాలేదు. మూడో దెబ్బకి పొడి రాలింది. సుత్తి చప్పుడు సందులోకి పోయింది. పక్కింటివాళ్లు తొంగిచూసి, ఏం జరుగుతోందో గ్రహించి తలుపు దగ్గరే నిలబడిపోయారు.

చాలాసేపటికి అతను చెమట తుడుచుకుని రాయిని ఆమె వైపు తిప్పాడు.

రాకేలె బొటనవేలితో తడిమింది. "ఇంకాస్త. మిగతావి లోతుగా ఉన్నాయి. ఇదొక్కటే సిగ్గుపడుతోంది."

మళ్లీ కొట్టాడు. ఈసారి ఆపమనేదాకా ఆపలేదు. ఆమె మొదటి గాటు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కదాని మీదా వేలు ఆపుతూ, పెదాలు కదుపుతూ చివరిదాకా లెక్కపెట్టింది.

"పదకొండు," అంది. "ఇక పెట్టు."

ఎర్మీనియో రాయిని రెండు చేతులతో ఎత్తి, మూత మధ్య గుంటలోకి దించాడు. ఊట అంచు మీదికి పొంగి, సన్నగా తొట్టి చెక్క మీంచి జారింది.